పాత టెలిఫోన్ డైరెక్టరీలో మన వీధి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: కర్నూలు పాతబస్తీలో మాకు తాతల నాటి మిద్దె ఇల్లు ఉంది. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో పై మిద్దెను ఒక పెద్ద ఆఫీసరుకు బాడుగకు ఇచ్చామనీ, ఆయన కోసం టెలిఫోను తీగ లాగారనీ, మా వీధిలో అదే మొదటి ఫోననీ మా అవ్వ చెప్పేది. అవ్వ ఇప్పుడు లేదు. 2009 వరదలో ఇంటి కాగితాలన్నీ తడిసి పోయాయి. పాత టెలిఫోన్ డైరెక్టరీలు తిరగేస్తే ఆ ఆఫీసరు ఎవరో, అప్పట్లో మా వీధిలో ఎవరెవరు కాపురం ఉన్నారో తెలుస్తుందని ఒక మిత్రుడు అంటున్నారు. నిజమేనా? అవి ఎక్కడ దొరుకుతాయి, ఎలా చూడాలి?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: చాలావరకు నిజమే. అయితే డైరెక్టరీ ఏ ప్రశ్నకు జవాబు చెబుతుందో, దేనికి చెప్పదో ముందుగా తేల్చుకుని పని మొదలుపెట్టాలి. ఫలానా ఏడు, ఫలానా పేరుతో, ఫలానా చోట ఒక ఫోన్ ఉండేదని మాత్రమే అది చెబుతుంది. ఆ ఇంటి యజమాని ఎవరో, ఆ మనిషి అక్కడ ఎన్నేళ్లు ఉన్నాడో, పక్కింట్లో ఎవరున్నారో దానికి పట్టదు. పేరు కనబడితే సాక్ష్యమే. కనబడకపోతే మాత్రం ఆ మనిషి అక్కడ లేడని అర్థం కాదు. ఆ రోజుల్లో ఫోన్ లేని ఇళ్లే ఎక్కువ.

ప్రపంచంలో మొట్టమొదటి డైరెక్టరీగా చెప్పుకునేది 1878 ఫిబ్రవరి 21న అమెరికాలోని న్యూహేవెన్‌లో వెలువడింది. అది పుస్తకం కూడా కాదు, ఒక్క అట్టముక్క. దాని మీద 50 మంది చందాదారుల పేర్లు ఉన్నాయి గాని నంబర్లు లేవు. పేరు చెబితే ఎక్స్ఛేంజిలో కూర్చున్నవారు లైను కలిపేవారు. మన దేశంలో 1882లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల్లో ఎక్స్ఛేంజీలు తెరిచారు. రాయలసీమ ఊళ్లలోని ఇళ్లకు ఆ తీగ చేరడానికి చాలా కాలం పట్టింది కాబట్టి, 'తొలినాటి డైరెక్టరీ' అన్న మాటకు అక్కడ ఉన్న అర్థం మన దగ్గర లేదు. లండన్ వీధి చరిత్ర రాసేవారు 1880 నాటి జాబితాతో మొదలుపెట్టగలరు. మనం ఇంచుమించు 1950లతో మొదలుపెట్టుకోవడమే మేలు. అంతకు వెనకటి కాలానికి కలకత్తా నుంచి వెలువడిన థాకర్ డైరెక్టరీ, మద్రాసు అసైలం ప్రెస్సు వారి అల్మనాక్ వంటివి ఉన్నాయి. వాటిలో జిల్లా కేంద్రాల కింద అధికారులు, మిషనరీలు, కొద్దిమంది ప్రముఖుల పేర్లు దొరుకుతాయి. మన ఊళ్ల వీధి వివరాలు మాత్రం వాటిలో ఆశించకండి.

మీ అవ్వగారు చెప్పిన కాలం అదృష్టవశాత్తు వెతకడానికి అనువైనది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడగానే రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. ఆ మూడేళ్లలో ఆఫీసులు కొన్ని డేరాల్లో, కొన్ని బాడుగ ఇళ్లలో నడిచాయి. ఈనాటికీ కర్నూలువాళ్లు ఎ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అని పిలుచుకునే పేటలు ఆ రాజధాని రోజుల్లో ఉద్యోగుల వసతి కోసం పుట్టినవే. ఇలా ఉన్నట్టుండి నిండి, ఉన్నట్టుండి ఖాళీ అయిన ఊరిని పరిశీలించాలంటే రెండు డైరెక్టరీలు సంపాదించాలి: రాజధాని ఇక్కడ ఉండగా అచ్చయినది ఒకటి, వెళ్లిపోయిన తరువాత అచ్చయినది ఒకటి. మొదటిదానిలో ఉండి రెండవదానిలో మాయమైన చిరునామాలను రాసుకుంటే, బాడుగకు పోయిన ఇళ్ల జాబితా దాదాపుగా మీ చేతికి వచ్చినట్టే.

ఇక్కడొక మెలిక ఉంది. ఆఫీసరు ఫోన్ ఆయన సొంత పేరు కింద ఉంటుందనుకుని అక్షరక్రమంలో వెతికితే దొరకకపోవచ్చు. ప్రభుత్వ ఫోన్లను శాఖల కింద హోదాల వారీగా ఇచ్చేవారు: ఫలానా శాఖ కార్యదర్శి, ఆఫీసుకు ఒక నంబరు, ఇంటికి ఒక నంబరు. కాబట్టి ముందు ప్రభుత్వ శాఖల పేజీలు తీసి, నివాసం అని ఉన్న ప్రతి వరుసనూ వేలు పెట్టి చదవండి. మీ వీధి పేరు తగిలితే హోదా తెలుస్తుంది. ఆ హోదాలో ఆ ఏడు ఎవరున్నారో ప్రభుత్వం అచ్చు వేయించిన సివిల్ లిస్టులో చూడాలి. రెండు పుస్తకాలూ కలిస్తేనే మనిషి పేరు బయటపడుతుంది. తరువాతి డైరెక్టరీలో అదే చిరునామాకు మీ తాతగారి పేరు మీద ఫోన్ ఉంటే, ఆఫీసరు వెళ్లిన తరువాత మీవాళ్లు ఆ సౌకర్యాన్ని నిలుపుకున్నారని ఊహించవచ్చు. 'వీధిలో మొదటి ఫోన్' అన్న మాట మాత్రం వేరే సంగతి. 1953కు ముందటి జాబితాలో మీ వీధిలో ఏ ప్లీడరుకో డాక్టరుకో ఫోన్ లేదని చూసిన తరువాతే దాన్ని నమ్మాలి. అవ్వల మాటల్లో ఇల్లూ మనిషీ సాధారణంగా సరిగ్గానే ఉంటాయి; 'మొదటిది', 'అందరికంటే పెద్దది' అన్న చోటనే కొంచెం కొసరు పడుతుంది.

ఇక చదివే పద్ధతి. ఒక్క పేరు కోసం వెతికి పుస్తకం మూసేయకండి. ఆ కాలపు డైరెక్టరీలో కర్నూలు ఎక్స్ఛేంజి భాగం కొద్ది పేజీలే కాబట్టి మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా చదవడం ఒక సాయంత్రం పని. డైరెక్టరీ మనుషుల పేర్ల క్రమంలో ఉంటుంది, మీకు కావలసింది వీధుల క్రమం. కొన్ని విదేశీ నగరాల్లో వీధుల వారీగా అమర్చిన పుస్తకాలే విడిగా ఉండేవి. మనం ఆ పని చేత్తో చేసుకోవాలి. ఒక రూళ్ల నోటుబుక్కులో వీధికొక పేజీ కేటాయించి, ప్రతి వరుసనూ దాని వీధి కిందకు ఎక్కించండి. పక్కన డైరెక్టరీ సంవత్సరం తప్పనిసరిగా వేయండి. అయిదారు సంచికలు ఇలా ఎక్కించిన తరువాత వీధిలో ఎవరు వచ్చారో, ఎవరు పోయారో ఆ పేజీలోనే కనబడుతుంది.

ఒక వరుసను దగ్గరగా చూద్దాం. ముందు పేరు, కామా పెట్టి ఇంటిపేరు పొడి అక్షరాలు, ఆ తరువాత ప్లీడరు అనో డాక్టరు అనో కమీషన్ మర్చంటు అనో వృత్తి, ఆపైన వీధి పేరు, కొసన రెండు మూడు అంకెల నంబరు. చాలామంది నంబరు చూసి ముచ్చటపడి వృత్తిని వదిలేస్తారు. నా మట్టుకు నాకు ఆ వరుసలో అన్నిటికంటే విలువైనది వృత్తి, దాని తరువాత 'ఇల్లు' అన్న మాట. వ్యాపారికి ముందు మండీలోనో అంగడిలోనో ఫోన్ వస్తుంది; ఇంటికి ఆ తరువాత ఎప్పుడో వస్తుంది. ఒకే పేరు కింద రెండవ వరుస పుట్టి, అందులో 'ఇల్లు' అని వేరే పేట పేరు కనబడిన ఏడాదికి కాస్త ముందే, ఆ కుటుంబం అంగడి మీది మిద్దె విడిచి కొత్త పేటకు కాపురం మార్చిందని పట్టుకోవచ్చు. డాక్టర్ల విషయంలోనూ అంతే: ఆసుపత్రి పాతబస్తీలో, ఇల్లు కొత్త కాలనీలో. పాత ఊరి నుంచి కలిగినవాళ్లు ఎప్పుడు, ఎటు వైపు కదిలారన్నది ఈ రెండవ వరుసల్ని లెక్కపెట్టితే తెలిసినంత తేలికగా మరెక్కడా తెలియదు.

చిరునామాల దగ్గర ఓపిక కావాలి. డోర్ నంబరు లేకుండా 'బురుజు దగ్గర', 'ఆసుపత్రి ఎదుట', 'ఫలానా టాకీసు వెనుక' అని వేసిన వరుసలు ఎదురవుతాయి. కర్నూలులో కొండారెడ్డి బురుజు కదలలేదు గాని టాకీసులు మూతపడ్డాయి, ఆఫీసులు మారాయి. డోర్ నంబరు ఉన్నా దాన్ని ఈనాటి నంబరుగా తీసుకోకూడదు; మన మునిసిపాలిటీల్లో డోర్ నంబరు వార్డు సంఖ్యతో మొదలవుతుంది కాబట్టి వార్డులు మార్చినప్పుడల్లా అదీ మారుతుంది. పాత, కొత్త నంబర్లు రెండూ పక్కపక్కన ఉన్న ఇంటి పన్ను రసీదు గాని, మునిసిపల్ డిమాండ్ రిజిస్టరు గాని ఒక్కటి దొరికితే చాలు, వీధి మొత్తానికి తాళంచెవి దొరికినట్టే. మీ కాగితాలు వరదకు పోయినా, నీళ్లు చేరని పేటలో ఉన్న దాయాదుల ఇంట్లో అటువంటి రసీదు ఒకటి ఉండే అవకాశం ఉంది, అడగండి.

పేర్ల గొడవ ఇంకొకటి. డైరెక్టరీ ఇంగ్లీషులో ఉంటుంది, మన పేర్లను ఇంగ్లీషులో ఎవరి ఇష్టం వచ్చినట్టు వారు రాసుకున్నారు. తిమ్మారెడ్డిని 'టి' తరువాత 'హెచ్' పెట్టి ఒకరు, పెట్టకుండా ఒకరు రాస్తారు. ఆ ఒక్క అక్షరంతో పేరు పేజీలు దాటి పోతుంది. ఒకే వెంకటసుబ్బయ్య ఒక ఏడు ఇంటిపేరు కింద, ఇంకొక ఏడు సొంత పేరు కింద కనబడవచ్చు. షేక్, సయ్యద్ అన్నవి కొన్నిచోట్ల పూర్తిగా, కొన్నిచోట్ల పొడి అక్షరాలుగా ఉంటాయి. కడపను 2005 వరకు ఇంగ్లీషులో రాసిన తీరు వేరు కాబట్టి ఊరి పేరును కూడా పాత స్పెల్లింగుతోనే వెతకాలి. పేరు వెతకకుండా పుస్తకమంతా చదవమని పైన చెప్పడానికి ఇదే అసలు కారణం.

నంబరును ఇంటికి కట్టేయకండి. ఒకే ఎక్స్ఛేంజి పరిధిలో ఇల్లు మారితే చందాదారు తన నంబరును వెంట తీసుకుపోయే వీలుండేది. మరొకవైపు, చేతితో కలిపే ఎక్స్ఛేంజి తీసి ఆటోమేటిక్ పెట్టినప్పుడు మనిషి ఉన్నచోటే ఉండి నంబరు మారిపోయేది. చిన్న నంబరు ఉన్నంత మాత్రాన పాత చందాదారు అనీ చెప్పలేం. ఖాళీ అయిన నంబరును కొత్తవారికి ఇచ్చేవారు. తండ్రి పోయిన తరువాత కూడా పేరు మార్పించే శ్రమ పడలేక ఏళ్ల తరబడి ఆయన పేరు మీదే ఫోన్ నడిపిన ఇళ్లు మీకు తెలిసే ఉంటాయి. డైరెక్టరీలో పేరు ఉంది కాబట్టి ఆ ఏడు ఆయన బతికే ఉన్నాడని రాసి, తరువాత నాలుక కరుచుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

అట్ట పోయిన ప్రతి దొరికితే పారేయకండి, లోపలి సంగతులతో ఏడాది పట్టుకోవచ్చు. నా దగ్గర అటువంటిది ఒకటి ఉంది. మూలకు కంత పెట్టి, దారం కట్టి గోడ మేకుకు తగిలించినది. కంత చుట్టూ కాగితం తుప్పు రంగుకు తిరిగింది. ముందు పేజీలు లేవు. అందులో జిల్లా బోర్డు లేదు, జిల్లా పరిషత్తు ఉంది, కనుక అది పంచాయతీరాజ్ వచ్చిన 1959కి తరువాతిది. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనే ఉన్నాయి, కనుక అవి కొత్త ఒంగోలు జిల్లాలోకి పోయిన 1970కి ముందుది. ఒక ప్రకటనలో వెల 'నయా పైసల్లో' ఉంది. ఆ 'నయా' అన్న మాటను 1964 జూన్‌లో తీసేశారు. అంటే ఆ ప్రతి 1959కీ 1964కీ నడుమ అచ్చయినదని తేలింది. మీకు దొరికిన ప్రతిలో ఆదోని ఇంకా బళ్లారి జిల్లాలో ఉంటే అది 1953కు ముందుది. ప్రకటనల్లో పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టుకు తరువాతిది. తహసీల్దారుకు బదులు మండల రెవెన్యూ అధికారి ఉంటే 1985కు ఇవతలిది. ఒక జాగ్రత్త: అచ్చుకు పోయే నాటికే కొన్ని వరుసలు పాతబడి ఉంటాయి, కాబట్టి ఒక ఏడాది అటూ ఇటూ వదిలిపెట్టండి. నా ప్రతిలో ఒక వరుస పక్కన ఎవరో పెన్సిలుతో 'ఎన్.ఆర్.పేటకు పోయినారు' అని రాసుకున్నారు. అచ్చయిన చిరునామా కంటే నాకు ఆ రెండు మాటలే ఎక్కువ పనికివచ్చాయి.

ఎక్కడ దొరుకుతాయంటే, 1953కు ముందు మనది మద్రాసు రాష్ట్రం కాబట్టి ఆ కాలపు జాబితాలను మద్రాసు పేరు కిందనే వెతకాలి. చెన్నైలో 1896లో తెరిచిన కన్నెమరా గ్రంథాలయం, ఎగ్మోరులోని తమిళనాడు ప్రాచీన పత్రాల భాండాగారం, కలకత్తా జాతీయ గ్రంథాలయం అడగదగినవి. డైరెక్టరీ అని అడిగితే లేదనే జవాబు వస్తే, తంతి తపాలా శాఖ ప్రచురణలు అని అడిగి చూడండి. 1985లో తపాలా, టెలికాం విడిపోయే వరకు అంతా ఒకే శాఖ. రాజధాని రోజుల పత్రికలు చూడదలిస్తే, పాత పత్రికలకు పేరుపొందిన వేటపాలెం సారస్వత నికేతనం ఉంది. ఊళ్లో అయితే జిల్లా కేంద్ర గ్రంథాలయం కంటే ముందు పాత ప్లీడర్ల ఆఫీసు అలమరలు, పెద్ద డాక్టర్ల ఇళ్ల అటకలు, లాడ్జీల గల్లాపెట్టెల కింది అరలు చూడమంటాను. కొత్త డైరెక్టరీ రాగానే పాతది పొట్లాల కాగితంగా అంగడికి పోయే కాలం అది. మిగిలినవి ఎవరో మరచిపోవడం వల్ల మిగిలినవే.

ప్రశ్న: మాది అనంతపురం పాతూరు. మా నాయన బడిపంతులు. 1990ల దాకా మా ఇంట్లో ఫోన్ లేదు, మా సందులో ఒక్క కిరాణా అంగడి సెట్టిగారికి తప్ప ఎవరికీ లేదు. డైరెక్టరీలతో మా సందు చరిత్ర రాయడం కుదురుతుందా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: డైరెక్టరీతో మాత్రమే రాస్తే అది సెట్టిగారి చరిత్ర అవుతుంది. మన ఊళ్ల పాత డైరెక్టరీలు ప్లీడర్లు, డాక్టర్లు, వ్యాపారులు, ఆఫీసర్ల పుస్తకాలు. దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసినవారి పేర్లు వాటిలో లేవు, డిపాజిట్ కట్టే స్తోమతు లేనివారి పేర్లు మరీ లేవు. ఫోన్ ఉన్న ఇళ్లలో కూడా అది మగవారి పేరు మీదే ఎక్కువగా ఉండేది.

అయితే మీ ఇంట్లో శుభలేఖలు దాచి ఉంటే తీయండి. ఫోన్ లేనివారు తెలిసినవారి నంబరు వేసుకుని పక్కన 'పి.పి.' అని పెట్టుకునేవారు, గుర్తుందా? శుభలేఖల మీద, లెటర్‌హెడ్ల మీద, పంతుళ్ల విజిటింగ్ కార్డుల మీద ఆ రెండక్షరాలు కనబడతాయి. ఆ నంబరును డైరెక్టరీలో పట్టుకుంటే అది ఎవరి ఇల్లో తెలుస్తుంది. ఆ ఇంటి ఫోన్ మీద ఆధారపడిన కుటుంబాలు ఏవో శుభలేఖలు చెబుతాయి. ఒకే నంబరు నాలుగు ఇళ్ల శుభలేఖల మీద ఉన్నదంటే, ఆ నాలుగు ఇళ్లకూ సెట్టిగారితో రాకపోకలు ఉన్నట్టే. ఏ కుటుంబం ఎవరి గడప తొక్కగలిగింది, ఎవరు పక్కనే ఉన్నా ఆ నంబరు వేసుకోలేకపోయారు అన్నది కూడా అందులోనే ఉంది. దూరపు ఊరి నుంచి ట్రంకు కాల్ వచ్చిందని సెట్టిగారి పిల్లవాడు సందులోకి పరుగెత్తుకొచ్చి కేక వేస్తే ఎవరెవరి ఇంటికి వచ్చేవాడో, మీ అమ్మగారి ఈడువాళ్లను అడిగి ఇప్పుడే రాసుకోండి. మరొక పదేళ్లకు అది చెప్పేవారు ఉండరు.

ఫోన్ లేని ఇళ్లకు ఓటర్ల జాబితాలు పనికివస్తాయి. అవి ఇంటి నంబర్ల వరుసలో ఉంటాయి, ఆడవారి పేర్లూ వయసులూ ఉంటాయి, తండ్రి పేరో భర్త పేరో ఉంటుంది. ఒకే ఏటి డైరెక్టరీని, ఓటర్ల జాబితాను పక్కపక్కన పెట్టుకుంటే సందులో ఫోన్ ఉన్న ఇల్లు ఎన్నింటిలో ఒకటో లెక్క తేలుతుంది.

ప్రశ్న: కడపలో మా పెదనాయన పేరు మీద 1970ల నుంచి ఒకే చిరునామాకు ఫోన్ ఉన్నట్టు పాత డైరెక్టరీలో ఉంది. ఇప్పుడు ఆ ఇంటి మీద దాయాదులతో తగాదా వచ్చింది. డైరెక్టరీని ఆధారంగా చూపవచ్చా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: హక్కుకు ఆధారంగా కాదు. బాడుగకు ఉన్నవారికీ ఫోన్ ఇచ్చేవారు. ఆయన అక్కడ నివసించారనడానికి ఇతర కాగితాలకు తోడుగా మీ వకీలు దాన్ని వాడుకోవచ్చునేమో, ఆయననే అడగండి. ఇంటి హక్కు కోసం వెళ్లవలసింది సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దస్తావేజుల మొదటి పుస్తకాన్నీ దాని సూచికలనూ రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు. సూచికల్లో ఒకటి పేర్ల వారీగా, రెండవది ఆస్తుల వారీగా ఉంటుంది. మీరు రెండవదానితో మొదలుపెట్టండి. ఆన్‌లైన్‌లో తీసే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఆస్తి మీద నమోదైన లావాదేవీల పత్రం) 1983 నుంచి మాత్రమే వస్తుంది కాబట్టి, 1970ల లావాదేవీల కోసం ఆఫీసులోనే దరఖాస్తు పెట్టుకోవాలి. దరఖాస్తులో ఇంటి పాత డోర్ నంబరు, నాలుగు వైపుల హద్దులు రాయడం మరచిపోకండి. ఆ హద్దుల్లో ఉన్న పొరుగువారి పేర్లు సరిచూసుకోవడానికి మాత్రం మీ దగ్గరున్న డైరెక్టరీ బాగా అక్కరకు వస్తుంది.